ఎడమవైపు ముక్కుపుడక

రాయపూర్‌లో అమావాస్యకి చేసే హరేలీ పండుగ వెళ్ళిన మర్నాడు, బుధవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు ఇది మొదలయింది. వేళ నాకు ఖాయంగా తెలుసు. నాన్న రైలు గార్డు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, చొక్కా జేబులోంచి గడియారం తీసి, కీ ఇచ్చి గూట్లో పెట్టింది అప్పుడే. రాయపూర్ వాళ్ళ లెక్కలో ఆ రోజుకి శ్రావణం సగం అయిపోయింది. మా లెక్కలో అది శ్రావణ శుద్ధ పాడ్యమి, నెలకి మొదటి రోజు. ఒకే ఊళ్ళో ఉంటూ ఊరికి పదిహేను రోజులు వెనకగా బతికేవాళ్ళం. ఆ పాడ్యమి నాడు మా మామ్మ, అంటే నాన్న తల్లి, మంచం కింది చెక్కపెట్టె బయటికి లాగించింది. ఎర్ర గుడ్డ మూట విప్పి, అందులో ఉన్న ఇత్తడి ముఖాన్ని నా ముందునుంచి తీసుకువెళ్ళి నా ఈడుదైన మా వదిన ఒళ్ళో పెట్టింది.

"ఈ ఏడాది కళ్ళు నువ్వు దిద్దవే," అంది.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఒక గాజు బీరువా. మొన్న దేవేంద్ర నగర్‌లో ఒకరింటికి పసుపు కుంకానికి వెళ్ళాను. హాల్లో బీరువా, లోపల చిన్న చిన్న దీపాలు, వాటి కింద మసిబారిన ఇత్తడి చెంబులు, కుందులు. నా చెయ్యి ఊరుకోలేదు. "కాస్త చింతపండు ఇలా తే అమ్మా, తోమిపెడతాను," అన్నాను. ఆ ఇల్లాలు కంగారుపడి, "వద్దు ఆంటీ, యాంటిక్ కదా, పాలిష్ చేస్తే వేల్యూ పోతుంది," అంది. మేము ఆ నలుపు వదిలించడానికి ఎంత తోమేవాళ్ళమో, ఆ తోముడు ఎందాకా వెళ్ళిందో ఆమెకి చెబుదామనుకున్నాను. కాఫీ చల్లారిపోతుందని ఊరుకున్నాను.

ముఖం సంగతి ముందు చెప్పాలి. వరలక్ష్మీ వ్రతం నాడు కలశం మీద కొబ్బరికాయ పెట్టి, దానికి కట్టే అమ్మవారి ముఖం అది. అరచేతి కంటే కొంచెం పెద్దది. వెనక అంతా డొల్ల, దారం కట్టుకోవడానికి రెండు కొక్కేలు. మామ్మ అత్తగారి అత్తగారు విజయనగరం దగ్గర పల్లెలో పోత పోయించిందట. ఏటేటా చింతపండూ ఇటుకపొడీ పెట్టి తోమగా తోమగా, నాకు ఊహ తెలిసేనాటికే ఆ ముఖంలో కళ్ళు లేవు. ముక్కు ఒక చిన్న దిబ్బ. పెదవులు వేలితో తడిమితే తెలిసేవి, కంటికి తెలిసేవి కావు. అందుకని మా ఇంట్లో ఒక ఆనవాయితీ వచ్చింది. వ్రతం తెల్లవారుజామున, ఇంకా పెద్దమనిషి కాని ఆడపిల్ల ఒకతె తలంటు పోసుకుని కూచుని, ఆముదం దీపం మీద పట్టిన కాటుకతో ఆ ఇత్తడి మీద కళ్ళు దిద్దాలి. దిద్దేవరకూ అది ఇత్తడి. దిద్దాక అమ్మవారు. అప్పుడు మామ్మ మొట్టమొదట ఆ పిల్లచేతిలో బూరె పెట్టి, ఆ పిల్లని కూడా అమ్మవారి పక్కన పీట వేసి కూచోబెట్టేది.

అంతకుముందు నాలుగేళ్ళూ మా అప్ప, అంటే అక్క, దిద్దింది. ఆ ఎండాకాలంలో అప్పకి ఓణీ వేశారు. కనక వంతు నాది. ఇంట్లో ఆ తరవాతి ఆడపిల్లని నేనే. నేను ఏడాదంతా సాధన చేశాను. పలక మీద, బొగ్గుతో పెరటి గోడ మీద, మసితో బిందె అడుగున, ఒకసారి నిద్రపోతున్న మా తమ్ముడి రెండు మోకాళ్ళ మీదా కళ్ళు దిద్దాను. వాడు లేచి మోకాళ్ళు తనని చూస్తున్నాయని ఏడిస్తే అమ్మ నన్ను కొట్టింది. బాగా కుదిరాయి ఆ కళ్ళు, దెబ్బలు తిన్నా ఆ మాట చెప్పగలను.

వదిన అంటే మా మేనత్త కూతురు. నాకంటే ఇరవై రెండు రోజులు పెద్ద. ఆ ఇరవై రెండు రోజులకీ నాచేత "వదినా" అని పిలిపించుకునేది. మామయ్య రైలుకి గంట దూరంలో ఉన్న తిల్దాలో రైస్ మిల్లు గుమాస్తా. అక్కడ ఆడపిల్లలకి మంచి స్కూలు లేదని ఆ ఏడు వదినని మా దగ్గర పెట్టారు. వచ్చేటప్పుడు ఒక బియ్యం మూటతో వచ్చింది. దాని బట్టలనిండా ఉడికిన వడ్ల వాసన. నాకు ఆ వాసన గిట్టేది కాదు. మామ్మ మాత్రం దాని తల మీద ముఖం ఆనించి, "మా అమ్మడి దగ్గర అన్నం వాసనే," అనేది. మా వాసన బొగ్గు వాసన. క్వార్టర్ల వెనకే సైడింగ్ ఉండేది, ఏం చేస్తాం.

"వంతు నాది మామ్మా," అన్నాను ఆ బుధవారం.

"వంతేటి, రేషను షాపా? దాని చెయ్యి చూడు, ముగ్గు వేస్తే దారం లాగినట్టు వస్తది. నీ చెయ్యి బండ."

"నువ్వు నా కళ్ళు చూడనే లేదు."

"తమ్ముడి మోకాళ్ళ మీద చూశాను లేవే గుంటా."

వదిన నవ్వలేదు. నవ్వి ఉంటే నేను జుట్టు పట్టుకునేదాన్ని, అక్కడికి సరిపోయేది. "నాకు తెలీదే, అమ్మమ్మ ఇచ్చింది," అంది నాతో, మెల్లిగా. అంత మంచిగా మాట్లాడేవాళ్ళని ఏం చేయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పూటే తోముడు పెట్టారు. మోవా వైపు ఇటుక బట్టీ నుంచి తెప్పించిన పొడిని పాత చీర గుడ్డలో జల్లించి ఉంచేది మామ్మ. కొళాయి దగ్గర నాకు గంగాళం ఇచ్చారు, వదినకి ముఖం ఇచ్చారు. చింతపండు పులుపు ఇత్తడికి తగలగానే ఒక వాసన వస్తుంది, నోట్లో డబ్బు పెట్టుకున్నట్టు. ఆ వాసన వస్తే చాలు, శ్రావణం వచ్చిందని నాకు నోట్లో నీళ్ళూరేవి. ఆ రోజు మాత్రం ఊరలేదు. గంగాళాన్ని పగబట్టినట్టు తోమాను.

వదిన ముఖం కడిగి, ఆరిందో లేదో చూడడానికి ఎండకి ఎత్తి పట్టుకుంది. ముక్కు కొసన ఆవగింజంత వెలుతురు కనబడింది.

"మామ్మా," అని కేక వేశాను నేను, "వదిన చిల్లు పెట్టేసింది."

అంత ఆనందంతో నేను మామ్మని ఎప్పుడూ పిలవలేదు. మామ్మ వచ్చి, ముఖం అందుకుని, చాలాసేపు చూసింది.

"నోరు ముయ్యి గుంటా. నాలుగు తరాల చేతులు అరగదీశాయి దీన్ని. ఇదొక్కర్తీ చేస్తే అయిందా," అంది. తరవాత వదిన చేతులు తన చీరకొంగుతో తుడిచింది.

చిల్లుపడ్డ ముఖం భిన్నమైనట్టే. పూజకి పనికిరాదు. నాన్న నిద్రమంచం మీంచి లేవకుండానే, "షెడ్డులో మనకి తెలిసిన ఫిట్టరు ఉన్నాడమ్మా, చిటికెలో అతికేస్తాడు," అన్నాడు.

"ఇంజన్లకి అతికే చేత్తో అమ్మవారికా," అంది మామ్మ.

అప్పుడు వంటింట్లోంచి మా అమ్మ వచ్చింది. "గోల్ బజార్ వెనక కసేర్ ఉన్నాడత్తయ్యా. పూజ సామాన్లన్నీ అతనే ఠీక్ చేస్తాడు. రేపు నేను తీసికెళ్తాను," అంది. కసేర్ అంటే ఇక్కడ ఇత్తడి పనివాడు.

మామ్మ ఆలోచించింది. "చిల్లు ఒక్కటే పూడ్చమను. మిగతా ముఖం ముట్టుకోవద్దని చెప్పు. చెప్తావా?"

"చెప్తానత్తయ్యా."

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. అమ్మ ఈ ఊళ్ళోనే, ఈ క్వార్టర్లలోనే పుట్టింది. మామ్మతో తెలుగులోనూ, పాలవాడితో ఛత్తీస్‌గఢీలోనూ, కోపం వస్తే హిందీలోనూ మాట్లాడేది. చిన్నప్పుడు పక్కింటి ముసలావిడ కుట్టిన ముక్కు కనక, ఇక్కడి ఆడవాళ్ళలాగా ఎడమవైపు కుట్టించుకుంది. మామ్మవైపు వాళ్ళందరికీ కుడివైపు. పెళ్ళిచూపుల్లో ఆ ముక్కు చూసి మామ్మ, "పిల్ల బాగుంది, ముక్కు తిరగబడింది," అందట. అమ్మ ఆ మాట మరిచిపోలేదు. మా మేనత్తని అంతకంటే మరిచిపోలేదు. మేనత్త తిల్దా నుంచి వచ్చినప్పుడల్లా, "ఇక్కడికంటే మా దగ్గర కళాయి బాగా పెడతారమ్మా," అని మామ్మ గిన్నె ఒకటి సంచిలో వేసుకుపోయేది. కళాయి పెట్టించిన గిన్నె ఒక్కటీ తిరిగి రాలేదు. పప్పుకి గిన్నె వెతుక్కునేటప్పుడల్లా అమ్మ, "తిల్దాలో కళాయి ఇంకా ఆరలేదు కాబోలు," అనేది, మామ్మకి వినబడేంత చిన్నగా.

శుక్రవారం లక్ష్మి గడప దాటకూడదు కనక గురువారమే బయల్దేరాం, అమ్మా నేనూ, ఒకే గొడుగులో. కసేర్ ఇల్లూ కొట్టూ ఒకటే. అరుగు మీద కొలిమి. గుగ్గిలమూ, ఇటుకపొడీ, నూనే కలిపి కాచిన నల్లటి ముద్ద ఒక చట్టిలో ఉడుకుతోంది. ఆ పొగకి కళ్ళు మండినా, వాసన మాత్రం గుళ్ళో ఉన్నట్టు ఉంది. అతను వయసు మళ్ళినవాడు, మాటకారి. తను పనిచేసిన దేవతలనందరినీ చుట్టాల్లాగా చెప్పుకుంటాడు. ముఖం అందుకుని బొటనవేలితో తడిమాడు.

"నాక్ తో ఘిసా గే హే బహూ," అన్నాడు. ముక్కు అరిగిపోయిందని. మళ్ళీ తిప్పి చూసి, "అఉ ఆంఖీ కాబర్ నఇ హే?" అన్నాడు. మరి కళ్ళెందుకు లేవని.

అమ్మ కొలిమి వైపు తిరిగింది. "వో భీ ఘిస్ గయీ. వో భీ బనా దో," అంది. అవీ అరిగిపోయాయి, అవీ చెక్కమని.

నేను అమ్మ ముఖం చూశాను. అమ్మ కొలిమి చూస్తోంది. నాకు అర్థమయింది. కళ్ళు చెక్కించేస్తే ఇక దిద్దేపని ఉండదు. నాకు దక్కనిది వదినకీ దక్కదు. నా ఒళ్ళంతా చల్లబడింది, వేసవిలో కుండనీళ్ళు తాగినట్టు. ఇంటికి వచ్చాక నేను ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అనవలసిందని ఎవరికైనా తోస్తే తోచనీ. పదేళ్ళ పిల్లకి అది న్యాయంగానే కనబడింది. ఎనభై దాటాక కూడా నాకు వేరేగా కనబడడం లేదు.

"నథ్ కోన్ బాజూ?" అని అడిగాడు కసేర్. ముక్కుపుడక ఏ వైపని. అమ్మ ఆలోచించకుండా తన ముక్కు ముట్టుకుని చూపించింది.

"ఇధర్."

సోమవారం పని ఎందాకా వచ్చిందో చూడడానికి మళ్ళీ వెళ్ళాం. చిల్లు మీద కొత్త ఇత్తడి రేకు ముక్క వేసి, వెలిగారం చల్లి, గొట్టంతో మంట ఊది అతికేశాడు అప్పటికే. ముఖాన్ని ఆ నల్లముద్ద మీద బోర్లించి, లోపలినుంచి చిన్న ఉలితో తట్టి ముక్కు పైకి లేపాడు. తరవాత ముద్ద వేడిచేసి ఊడదీసి, డొల్లనిండా అదే ముద్ద నింపి, ఈసారి వెల్లకిలా పెట్టి కళ్ళు మొదలుపెట్టాడు. కసేర్ భార్య నాకు రెండు ఖుర్మీలు ఇచ్చింది. బెల్లంతో చేసే గట్టి బిస్కట్ల లాంటివి. అవి నములుతూ చూశాను. ఒక్కొక్క దెబ్బకీ ఆగి, "బహూ, ఎతీ దేఖ్," అనేవాడు, ఇటు చూడమని. అమ్మ కొంగు సర్దుకుని చూసేది. వెలుతురుకి అడ్డం వచ్చిందేమో అనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుని ఉంటుంది, రెండుసార్లు పక్కకి జరిగింది.

వ్రతం ముందురోజు సాయంత్రం ముఖం ఇంటికి వచ్చింది. మామ్మ చాప మీద కూచుని ఉంది, పక్కన వదిన. ఆముదం దీపం మీద బోర్లించి కాటుక పట్టిన రాగి గరిటె కూడా సిద్ధంగా ఉంది. అమ్మ గుడ్డ విప్పింది.

అంత మెరుపు మా ఇంట్లో ఎప్పుడూ లేదు. ముఖమంతా ఒప్పం పెట్టాడు, అద్దంలా ఉంది. పాత ఇత్తడి కొంచెం ఎర్రన, ముక్కు దగ్గర అతికిన ముక్క కొంచెం పసుపు, అంతే తేడా. పెద్ద పెద్ద కళ్ళు, కనుపాపలతో సహా. సూటిగా దిగిన ముక్కు, కొస దగ్గర కొంచెం వెడల్పు. ఎడమవైపు గుండ్రటి ముక్కుపుడక.

పక్క గదిలోంచి మా తమ్ముడి ఎక్కాలు వినబడుతున్నాయి.

"అత్తా," అంది వదిన, మా అమ్మతో, నిజంగా మెచ్చుకుంటూ, "అచ్చం నీలాగే ఉంది."

నేను చూశాను. అవును. కళ్ళు ఏ దేవివో గాని, ముక్కూ, పై పెదవీ మా అమ్మవి. కసేర్ తన ఎదురుగా కూచున్న ముక్కునే చూసి చెక్కాడు. పాపం, అతనికి చూడడానికి వేరే తెలుగావిడ ఎవరున్నారు.

మామ్మ ముఖాన్ని చేతిలోకి తీసుకోలేదు. వంగి చూసింది.

"చిల్లు పూడ్చమన్నాను," అంది.

"పూడ్చాడత్తయ్యా."

"పూడ్చాడు. బాగుంది." అమ్మ వైపు గడ్డం ఎత్తి చూపించి, "దీన్ని రోజూ పొయ్యి దగ్గర చూస్తూనే ఉన్నాను గదే. మళ్ళీ పీటెక్కించి మొక్కాలేటి నేను?"

అమ్మ ముఖం ఎర్రబడింది. "నేను చెక్కమన్నానా నా ముఖం? అతను చెక్కాడు. అయినా కోడలి ముక్కు అంత పనికిరానిదా? ఈ ఇంట్లో ప్రతీదీ తిల్దా నుంచే రావాలా?"

"తిల్దా ఊసెందుకు ఇప్పుడు."

"ఎందుకంటే నా పిల్ల ఏడాదంతా గోడలమీద దిద్దుకుంది కనక."

నా గురించే గొడవ అని అప్పుడు తెలిసింది నాకు. తెలిసి, గర్వపడ్డాను కూడా.

నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. రైళ్ళకి ఎర్రజెండా చూపించగలడు గాని, ఆ ఇద్దరికీ చూపించలేడు.

మర్నాడు మా ఇంట్లో రెండు వ్రతాలు జరిగాయి. ముందుగదిలో అమ్మ కలశం, దానికి ఇత్తడి ముఖం. వంటింట్లో మామ్మ కలశం. దాని మీది కొబ్బరికాయకి నిండా పసుపు రాసి, వదినచేత కళ్ళు దిద్దించింది. క్వార్టర్లలోని తెలుగు ఆడవాళ్ళంతా పేరంటానికి వచ్చారు. ముందుగదిలో, "ఎంత బాగుందండీ, ఎక్కడ చేయించారు," అని అందరూ అడిగారు. అమ్మ కసేర్ చిరునామా చెప్పింది. బూరెలు, పులిహోర, నానబెట్టిన శనగలు అందరికీ పెట్టింది. నన్ను అమ్మవారి పక్కన కొత్త పరికిణీలో కూచోబెట్టింది. కాని నాకు చేయడానికి ఏ పనీ లేదు. కళ్ళు ముందే ఉన్నాయి.

వాళ్ళు వంటింట్లోకి వెళ్ళి వచ్చేటప్పుడు గమనించాను. వెళ్ళేటప్పుడు మాట్లాడుతూ వెళ్తున్నారు, వచ్చేటప్పుడు మాట్లాడకుండా వస్తున్నారు. మధ్యాహ్నం అమ్మ వీధిలోకి వెళ్ళినప్పుడు నేనూ వెళ్ళి చూశాను. పసుపు కొబ్బరికాయ మీద రెండు కళ్ళు. కుడికన్ను ఎడమదానికంటే కొంచెం పెద్దది. తప్పు కుదిరింది అని సంతోషిద్దామని దగ్గరికి వంగాను. ఆ పెద్దకన్ను నన్నే చూస్తోంది. ఎడమపక్కకి జరిగితే అటు చూసింది. నేను తమ్ముడి మోకాళ్ళ మీద దిద్దిన కళ్ళు ఎంత బాగున్నా, అలా చూడలేదు. అప్పుడు పట్టుకున్న కుళ్ళు నన్ను ఇంతవరకూ వదలలేదు.

శనివారం ఆ కొబ్బరికాయ కొట్టి, కళ్ళు కడిగేసి, పాయసం చేసింది మామ్మ. నాకు గిన్నెలో పోసి పెట్టింది. నేను తినలేదు. ఆ పాయసం ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు.

దసరా సెలవులకి వదిన తిల్దా వెళ్తూంటే మామ్మ దిగబెడతానని కూడా వెళ్ళింది. మళ్ళీ రాలేదు. అలిగి వెళ్ళిందని ఎవరూ అనలేదు, మోకాళ్ళ నొప్పులన్నారు. నాన్న డ్యూటీలో తిల్దా మీదుగా వెళ్ళినప్పుడు స్టేషనుకి వచ్చి చూసేదట. శ్రావణం వస్తే మా క్వార్టర్లలో సగంమంది పొద్దుటి పాసింజరుకి తిల్దా పేరంటానికి వెళ్ళేవారు. వదిన పెద్దమనిషయ్యాక పక్కింటి పిల్ల ఎవరో కళ్ళు దిద్దేదట, వదినే నేర్పిందట. నేను ఒక్కసారీ వెళ్ళలేదు. పదకొండేళ్ళకి మామ్మ పోయినప్పుడు వెళ్ళాను. గిన్నెలన్నీ అక్కడ వరసగా ఉన్నాయి, అన్నిటికీ కళాయి బాగానే పెట్టించి ఉంది.

ముఖం అమ్మ తరవాత నాకు వచ్చింది. ఏటా కడతాను. ఎంత తోమినా ఆ కళ్ళు అరగలేదు, కసేర్ అంత లోతుగా చెక్కాడు. వదిన పోయి ఆరేళ్ళయింది. మా అమ్మ పోయి అంతకు చాలా ముందే. కనక లెక్క ఇప్పుడు ముగించవచ్చు, ఇందులో ఇక మారేదేమీ లేదు.

మిగిలింది: ఇత్తడి ముఖం ఒకటి.

పోయినవి: మామ్మ మా ఇంట్లో ఉండవలసిన ఏళ్ళు, పదకొండు. ఆమె చేత్తో పెట్టవలసిన మొదటి బూరె, ఏడాదికొకటి. పాయసం ఒక గిన్నె. నేను పెద్దమనిషినవడానికి ముందు నాకు మూడు శ్రావణాలు వచ్చాయి. ఏడాదికి రెండు చొప్పున, నేను దిద్దని కళ్ళు ఆరు.